గద్దె ఒకరికి, ఆస్తి అందరికీ: నిజాముల వారసత్వం నుంచి మనం నేర్చుకోవలసినది



సాయం కోరి మా సొసైటీకి వచ్చేవారిలో ఒంటరి స్త్రీలు ఎక్కువ. భర్త పోయినవారు, భర్త వదిలేసినవారు, పిల్లలు దూరమైనవారు. దరఖాస్తులో 'ఆస్తి వివరాలు' అన్నచోట వాళ్లు 'ఏమీ లేదు' అని రాయిస్తారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు సంగతి బయటికి వస్తుంది. తండ్రికి రెండెకరాలో మూడెకరాలో ఉండేది, ఇప్పుడు దాన్ని అన్నదమ్ములు సాగు చేసుకుంటున్నారు, లేదా చేపల చెరువుకి కౌలుకిచ్చారు. "అందులో మీకూ వాటా ఉంది కదమ్మా" అంటే ఆశ్చర్యపోతారు. "ఆడపిల్లకు వాటా ఏంటండీ, వారసుడు మా పెద్దన్నే కదా" అంటారు.

ఆ 'వారసుడు' అన్న మాట దగ్గరే మేము ఆగిపోయాం. ఒక్కడే వారసుడు అన్న ఆలోచన మన ఇళ్లలోకి ఎక్కడినుంచి వచ్చింది? ఖురాన్ చెప్పిన వారసత్వంలో ఒక్కడే వారసుడన్న పద్ధతి లేదు. అది రాజుల ఇళ్ల పద్ధతి. ఆ రాజరికాలు పోయి చాలా కాలమైంది. గద్దెలు పోయాయి, బిరుదులు పోయాయి, రాజభరణాలు పోయాయి. కానీ గద్దె కోసం పుట్టిన నియమం మాత్రం మన పొలాల మీద, మన ఇళ్ల మీద ఇంకా పెత్తనం చేస్తోంది. అందుకే ఈ ఏడాది సంచికలో ఈ విషయాన్ని పాఠంలా రాయాలనుకున్నాం. ఉదాహరణగా మన తెలుగువారందరికీ తెలిసిన ఆసఫ్‌జాహీ నిజాముల వంశాన్నే తీసుకున్నాం.

రెండు రకాల వారసత్వం

ముందుగా ఒక తేడా గమనించాలి. గద్దెకు వారసత్వం వేరు, ఆస్తికి వారసత్వం వేరు. గద్దె అంటే అధికారం. దాన్ని ముక్కలు చేసి పంచితే రాజ్యమే ముక్కలవుతుంది. కాబట్టి రాజ్యాలు ఉన్నచోటల్లా అది ఒక్కరికే దక్కేలా ఏదో ఒక నియమం పెట్టుకున్నారు. కొన్నిచోట్ల పెద్దకొడుకుకి, కొన్నిచోట్ల వంశంలో వయసులో పెద్దవాడికి, కొన్నిచోట్ల తండ్రి ఎవరిని పేర్కొంటే వారికి. ఆస్తి సంగతి అలా కాదు. పొలం, ఇల్లు, బంగారం, పశువులు, రొక్కం పంచుకోవడానికి వీలైనవే.

ఇది అర్థం కావడానికి హైదరాబాదు దాకా పోనక్కర లేదు. చల్లపల్లి రాజావారి కోట మన దివిసీమ పెద్దలకు తెలియనిది కాదు. యార్లగడ్డ వంశీకుల దేవరకోట ఎస్టేటును పంచుకోవడానికి వీల్లేని ఎస్టేటుగా పరిగణించేవారు. అలాంటి ఎస్టేటు ఒక్కరి చేతికి వస్తుంది, తమ్ముళ్లకు మనోవర్తి మాత్రమే దక్కుతుంది. ఆ వంశంలో అన్నదమ్ముల వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1904లో మద్రాసు ప్రభుత్వం ఇలాంటి పంపకం లేని ఎస్టేట్ల కోసం ఒక చట్టమే చేసింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జమీందారీలే లేకుండా పోయాయి. పంచకూడదన్న నియమం నిలబడింది ఎస్టేటును కాపాడటానికి. ఎస్టేటే పోయాక ఆ నియమం కాపాడేదేముంది?

ఇస్లాంలో గద్దెకు వారసత్వం

ఇస్లాం ఆస్తి పంపకాన్ని ఎంతో వివరంగా చెప్పింది. పాలకుడి గద్దె తండ్రి నుంచి కొడుక్కి పోవాలని మాత్రం ఎక్కడా చెప్పలేదు. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) 644లో మరణశయ్య మీద ఉన్నప్పుడు తన తర్వాతి ఖలీఫాను ఎన్నుకోవడానికి ఆరుగురు సహాబాలతో సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఆయన కొడుకు అబ్దుల్లా జ్ఞానంలో, భక్తిలో పేరున్నవారు. ఆయనను సలహా ఇవ్వడానికి రానిచ్చారు గాని, ఖలీఫా పదవికి మాత్రం అర్హత లేదని తేల్చేశారు. తండ్రి పదవి కొడుక్కి ఆస్తి కాకూడదన్నది ఆయన ఉద్దేశం.

వంశపారంపర్య పాలన తర్వాత వచ్చింది. వచ్చాక కూడా ముస్లిం రాజ్యాలన్నిటికీ ఒకే పద్ధతి కుదరలేదు. ఉస్మానియా తుర్కీలో 1617 నుంచి కొడుక్కి బదులు వంశంలో పెద్దవాడైన మగవాడికి గద్దె దక్కే ఆచారం మొదలైంది. మొఘలుల ఇళ్లలో ఏ నియమమూ గట్టిగా నిలవలేదు. షాజహాన్ కొడుకుల యుద్ధం అందరికీ తెలిసిందే. పెద్దకొడుకే వారసుడు అన్నది షరియత్ కాదు, రాజ్యాల అవసరం కొద్దీ ఏర్పడిన ఆచారం.

హైదరాబాదు గద్దె, మన మచిలీపట్నం రేవు

మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ 1724లో దక్కన్‌లో తన అధికారం స్థిరపరచుకున్నారు. పేరుకు ఆయన మొఘల్ చక్రవర్తి నియమించిన సుబేదారు. సుబేదారీ ఉద్యోగమే గాని వారసత్వం కాదు. కాబట్టి 1748లో ఆయన కన్నుమూసినప్పుడు, తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు రాసిపెట్టిన జవాబు ఏదీ లేదు. పెద్దకొడుకు గాజీయుద్దీన్ ఢిల్లీలో ఉన్నాడు. రెండో కొడుకు నాసిర్ జంగ్ గద్దె ఎక్కాడు. కూతురి కొడుకు ముజఫర్ జంగ్ నాదే హక్కు అన్నాడు. ఒకరికి ఇంగ్లీషువారు, మరొకరికి ఫ్రెంచివారు వత్తాసు పలికారు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హతుడయ్యాడు. రెండు నెలలు తిరక్కుండానే ముజఫర్ జంగ్ కూడా హతుడయ్యాడు. అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ, మొదటి నిజాం మూడో కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. తన హక్కు కోసం ఉత్తరాది నుంచి బయలుదేరిన గాజీయుద్దీన్ 1752లో ఔరంగాబాదులో విషప్రయోగంతో చనిపోయాడు.

ఈ తగవు ఫలితం మన కోస్తాకు ఎలా వచ్చిందో చూడండి. గద్దె నిలబెట్టినందుకు ప్రతిఫలంగా 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సైన్యం ఖర్చుల కోసం బుస్సీకి అప్పగించాడు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు మచిలీపట్నం కోటను పట్టుకోగానే అదే సలాబత్ జంగ్ మే నెలలో ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకుని మచిలీపట్నం ప్రాంతాన్ని వారికి ఇనాముగా ఇచ్చేశాడు. 1762లో తమ్ముడు నిజాం అలీ ఖాన్ అన్నను గద్దె దించి బీదరు కోటలో బంధించాడు. విచిత్రం ఏమిటంటే, 1763 ఫిబ్రవరిలో ఇంగ్లీషువారూ ఫ్రెంచివారూ పారిస్‌లో చేసుకున్న సంధిలో 'దక్కన్‌కు న్యాయమైన సుబేదారు సలాబత్ జంగ్' అని రాసుకున్నారు. ఆ కాగితం మీద సంతకాలు పడే వేళకు ఆ న్యాయమైన సుబేదారు జైల్లో ఉన్నాడు. అదే ఏడాది హతుడయ్యాడు కూడా. 1766లో నిజాం అలీ ఖాన్ సర్కారులను ఒప్పందం మీద ఇంగ్లీషువారికి వదిలేశాడు.

అన్నదమ్ముల మధ్య స్పష్టమైన నియమం లేకపోతే ఎవడో పైవాడు వచ్చి లాభపడతాడు. గద్దె తగవులో అలా లాభపడ్డవాడు తర్వాత మన దేశాన్నే ఏలాడు. ఈనాటి ఆస్తి తగవుల్లో లాభపడేది ఎవరో కోర్టు మెట్లెక్కిన ప్రతివారికీ తెలుసు.

మరో సంగతి. మొదటి నిజాం నుంచి చివరి నిజాం దాకా ఆ గద్దె మీద కూర్చున్నవారు పదిమంది. కానీ మనం 'ఏడుగురు నిజాములు' అనే అంటాం. నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ ముగ్గురూ లెక్కలో లేరు. ఆసఫ్‌జా అన్న బిరుదుతో నడిచే లెక్కలో నిజాం అలీ ఖాన్ రెండో ఆసఫ్‌జా అయ్యారు. గద్దె మీద కూర్చున్నంత మాత్రాన వంశావళిలో చోటు దక్కలేదన్నమాట. నిజాం అలీ ఖాన్ తర్వాత మాత్రం గద్దె తండ్రి నుంచి కొడుక్కి వరుసగా సాగింది. సికందర్ జా, నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా, మహబూబ్ అలీ ఖాన్, ఉస్మాన్ అలీ ఖాన్. మహబూబ్ అలీ ఖాన్ 1869లో గద్దెకు వచ్చేనాటికి మూడేళ్లు కూడా నిండని పసివాడు. సాలార్ జంగ్ తదితరులు ఆయన పేరున పాలన నడిపారు. ఈ వరుసను చూసే జనం 'కొడుకే వారసుడు' అన్నది ఖాయమైన నియమం అనుకున్నారు.

మనవడికి దక్కిన గద్దె

ఆ వరుసను తెంచినవారు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖానే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. ఆయన సొంత జాగీరు సర్ఫెఖాస్‌ను 1949లో ప్రభుత్వ ఖజానాలో కలిపేశారు. 1950 నుంచి 1956 అక్టోబరు నెలాఖరు దాకా ఆయన రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం అందేది. పెద్దకొడుకు ఆజం జా అప్పటికి ఎన్నో ఏళ్లుగా యువరాజు, బేరారు రాకుమారుడన్న బిరుదు కూడా ఉంది. తుర్కీ చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రుషెహ్వార్‌ను ఆయన 1931లో ఫ్రాన్సు దేశంలోని నీస్ నగరంలో పెళ్లాడారు. ఆ దంపతుల పెద్దకొడుకు ముకర్రం జా. 1954లో ఉస్మాన్ అలీ ఖాన్ పెద్దకొడుకును పక్కనపెట్టి మనవడు ముకర్రం జాను తన వారసుడిగా పేర్కొన్నారు.

1967 ఫిబ్రవరి 24న ఏడో నిజాం కన్నుమూశారు. భారత ప్రభుత్వం ముకర్రం జాను వారసుడిగా గుర్తించింది. ఏప్రిల్ 6న చౌమహల్లా ప్యాలెస్‌లో గద్దెనెక్కే వేడుక జరిగింది. అప్పటికి తండ్రి ఆజం జా బతికే ఉన్నారు, 1970లో చనిపోయారు.

ఇక్కడే మన పాఠానికి కీలకం ఉంది. షరియత్ లెక్కలో కొడుకు బతికుండగా ఆ కొడుకు కొడుక్కి తాత ఆస్తిలో వాటా రాదు. దగ్గరివాడు దూరపువాణ్ని ఆపుతాడు. అంటే గద్దె, బిరుదు, రాజభరణం ఎవరికి దక్కాయో, ఆ మనవడు ఫరాయిజ్ ప్రకారం తాతకు వారసుడే కాడు. మరోవైపు గద్దె దక్కని ఆజం జా, ఆయన తమ్ముడు మొఅజ్జం జా, మిగతా కొడుకులు, కూతుళ్లు, భార్యలు అందరూ ఆస్తికి వారసులు. ఒకే మనిషి మరణంతో రెండు జాబితాలు తయారయ్యాయి. ఒక జాబితాలో ఉన్న ఒక్క పేరు రెండో జాబితాలో అసలే లేదు. గద్దె నియమానికీ ఆస్తి నియమానికీ ఎంత దూరం ఉందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మాకు దొరకలేదు.

ఏడో నిజాంకు ఈ తేడా తెలియక కాదు. అందుకే ఆయన బతికుండగానే ఆస్తిలో చాలా భాగాన్ని ట్రస్టుల్లో పెట్టారు. కుటుంబీకుల కోసం కొన్ని, దానధర్మాల కోసం కొన్ని, నగల కోసం కొన్ని. ఆ నగల్లో 173 వస్తువులను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది.

రాజ్యాంగం ఏం చెప్పింది? కోర్టులు ఏం చెప్పాయి?

స్వతంత్ర భారతంలో 'పాలకుడు' అంటే ఎవరో రాజ్యాంగం 366వ అధికరణంలో చెప్పింది. సంస్థానాధీశుడిగా, లేదా ఆయన వారసుడిగా రాష్ట్రపతి గుర్తించినవారు. 291వ అధికరణం రాజభరణానికి హామీ ఇచ్చింది. అంటే గద్దె పోయాక మిగిలిన బిరుదుకు వారసుడెవరో నిర్ణయించే మాట చివరికి రాష్ట్రపతిది. 1970 సెప్టెంబరులో ఆ గుర్తింపులన్నీ రద్దుచేస్తూ ఉత్తర్వు వచ్చింది. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. 1971 డిసెంబరులో 26వ రాజ్యాంగ సవరణతో పాలకుల గుర్తింపూ రాజభరణాలూ శాశ్వతంగా రద్దయ్యాయి.

ఏడో నిజాం పోయాక కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు పత్రంలో, ముకర్రం జా తాత సొంత ఆస్తులన్నిటికీ కూడా ఏకైక వారసుడన్న మాట ఉంది. దాన్ని కుమార్తె ఒకరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సవాలు చేశారు. పాలకుడిగా గుర్తించడమే రాష్ట్రపతి అధికారమనీ, సొంత ఆస్తికి వారసులెవరో తేల్చే అధికారం అందులో లేదనీ హైకోర్టు చెప్పింది. అంత పెద్ద ఇంటి ఆడపిల్ల తన వాటా కోసం కోర్టు మెట్లెక్కడానికి సిగ్గుపడలేదు. మన ఆడపిల్లలు నోరు తెరిచి అడగడానికే వెనకాడుతున్నారు.

రెండోది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నవాబుల కేసు. 1949లో రాంపూర్ భారతదేశంలో కలిసింది. నవాబు రజా అలీ ఖాన్ 1966లో చనిపోయారు. పెద్దకొడుకును ప్రభుత్వం వారసుడిగా గుర్తించింది. గద్దె నియమం ప్రకారం ఆస్తంతా తనదేనన్నది ఆయన వాదన. మిగతా వారసులు ఒప్పుకోలేదు. 1970ల మొదట్లో మొదలైన ఆ వ్యాజ్యం 2019 జూలై 31న సుప్రీంకోర్టులో తేలింది. తీర్పు సారాంశం ఇది. రాజ్యం ఉన్నప్పుడు పాలకుడి ఆస్తికీ రాజ్యానికీ గీత గీయలేం. రాజ్యం విలీనమయ్యాక ఆయన మామూలు పౌరుడు. బిరుదూ రాజభరణమూ ఒకరికి పోవచ్చు గాని, సొంత ఆస్తి ముస్లిం పర్సనల్ లా ప్రకారం ఆడా మగా వారసులందరికీ చెందాలి. ఆ కుటుంబం షియా కాబట్టి షియా నియమాలు వర్తించాయి. మాట గెలిచింది గాని దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఈలోగా వాటా కోసం ఎదురుచూసిన వాళ్లలో కొందరు కాలం చేశారు.

మూడోది లండన్ బ్యాంకు సొమ్ము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు ప్రభుత్వం పేరున ఉన్న పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము పాకిస్తాన్ హైకమిషనర్ పేరుకు మారింది. డెబ్బై ఏళ్లు బ్యాంకులో ఉండి మూడున్నర కోట్ల పౌండ్లయింది. 2019 అక్టోబరు 2న ఇంగ్లండ్ హైకోర్టు ఆ సొమ్ము పాకిస్తాన్‌ది కాదని, ఏడో నిజాంకు చెందినదని, ఆయన నుంచి హక్కు పొందిన భారత ప్రభుత్వానికీ ఇద్దరు మనవలకూ చెందుతుందని తీర్పిచ్చింది. వెంటనే నిజాం సంతతిలోని మిగతావారు మా మాటేమిటని ముందుకొచ్చారు.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. హైదరాబాదు మక్కా మసీదులో ఆయన్ను ఖననం చేశారు. ఆయన కుమారుడు అజ్మత్ జాను వారసుడిగా ప్రకటించి చౌమహల్లాలో వేడుక చేశారు. వంశంలో ఇంకో వర్గం వేరొకరిని నిలబెట్టింది. రాజ్యం లేదు, రాజభరణం లేదు, చట్టంలో ఆ పదవికి చోటు లేదు. అయినా 'ఒక్కడే' అన్న నియమం తగవును మిగిల్చిపోయింది.

మన ఇంటి లెక్క

ఇప్పుడు మన కోడూరు లెక్కకు వద్దాం. మనకు గద్దె లేదు. ఉన్నదంతా ఆస్తే. కాబట్టి మనకు వర్తించేది రెండో జాబితా ఒక్కటే.

సూరె నిసా ఏడో ఆయత్ తల్లిదండ్రులు వదిలిన దానిలో మగవారికీ ఆడవారికీ వాటా ఉందని, అది కొంచెమైనా ఎక్కువైనా సరే అని స్పష్టం చేసింది. 11, 12 ఆయతులు వాటాలు చెప్పాయి. 13, 14 ఆయతులు ఈ హద్దులు పాటించినవారి ఫలితాన్నీ దాటినవారి గతినీ చెప్పాయి. నమాజు ఎన్ని రకాతులో హదీసు ద్వారా తెలుసుకున్నాం గాని, ఆస్తిలో ఎవరికి ఎనిమిదో వంతో, ఎవరికి ఆరో వంతో ఖురాన్‌లోనే ఉంది. దాన్ని బట్టి దాని బరువు అర్థం చేసుకోవాలి.

వరుస ఇది. చనిపోయినవారి సొమ్ములోంచి ముందు కఫన్-దఫన్ ఖర్చు. తర్వాత అప్పులు, అందులో భార్యకు ఇవ్వని మెహర్ కూడా అప్పే. తర్వాత వసీయత్ ఉంటే, మిగిలినదానిలో మూడో వంతుకు మించకుండా. ఆ తర్వాత మిగిలినదంతా వారసులకు.

ఒక ఉదాహరణ. ఒకాయన నాలుగెకరాలు వదిలి చనిపోయారు. అప్పులు లేవు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తల్లిదండ్రులు ముందే పోయారు. నాలుగెకరాలంటే 400 సెంట్లు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, 50 సెంట్లు. మిగిలిన 350 సెంట్లను ఐదు భాగాలు చేయాలి. ఒక్కో కొడుక్కి రెండు భాగాలు, 140 సెంట్లు. కూతురికి ఒక భాగం, 70 సెంట్లు. మొత్తం 50, 140, 140, 70. లెక్క సరిపోయింది. ఆ 70 సెంట్లు ఎవరో దయతలిచి ఇచ్చేవి కావు. తండ్రి ఊపిరి ఆగిన క్షణంలోనే అవి ఆమెవి అయ్యాయి. పెళ్లికి పెట్టిన బంగారమో, ఇచ్చిన కట్నమో ఆ వాటాకు బదులు కాదు.

'పొలానికి షరియత్ వర్తించదు' అని కొందరు చెబుతారు. 1937 షరియత్ చట్టంలో వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కానీ 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపును తీసేసింది. మన కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. కాబట్టి మనకు పొలమైనా ఇల్లయినా నియమం ఒకటే.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెనను మరవగలమా? ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు, భార్యాభర్తలు ఒకే రాత్రి పోయారు. ఎవరు ముందు పోయారో ఎవరు చెప్పగలరు? మన ఫిఖహ్ పెద్దలు ఇలాంటి ఆపదను ఎన్నో వందల ఏళ్ల కిందటే ఆలోచించారు. నీట మునిగి, ఇల్లు కూలి కలిసి చనిపోయినవారి వరుస తెలియకపోతే, హనఫీ నియమం ప్రకారం వారు ఒకరికొకరు వారసులు కారు. ఎవరి ఆస్తి వారి బతికున్న వారసులకు పోతుంది. ఎవరూ తమకు అనుకూలంగా వరుస కల్పించుకోవడానికి వీల్లేదు.

రెండోది తండ్రి లేని మనవలు. కొడుకు ముందే పోయి, మిగతా కొడుకులు బతికుంటే ఆ మనవలకు తాత ఆస్తిలో వాటా రాదు. ఈ కష్టం తీర్చడానికి ఈజిప్టు 1946లో తప్పనిసరి వసీయత్ చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో ఆ మనవలకు తండ్రి వాటా ఇచ్చింది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. కాబట్టి దారి తాత చేతిలోనే ఉంది. మూడో వంతు లోపల వసీయత్ రాయవచ్చు, లేదా బతికుండగానే హిబా ఇవ్వవచ్చు. నిజాం తన మనవడికి గద్దె ఇవ్వడానికి 1954లోనే కాగితం రాశారు. యతీములైన మనవలున్న తాత అర ఎకరానికి కాగితం రాయడానికి ఎందుకు ఆలస్యం చేయాలి?

మనం చేయవలసినవి

ఒకటి, బతికుండగా ఇచ్చేది హిబా. ఇస్తున్నానని చెప్పాలి, పుచ్చుకున్నవారు ఒప్పుకోవాలి, స్వాధీనం అప్పగించాలి. ఒక కొడుక్కి మాత్రమే ఇచ్చి మిగతా పిల్లలను వదిలేసిన తండ్రికి సాక్షిగా ఉండటానికి దైవప్రవక్త (సల్లం) ఒప్పుకోలేదన్న హదీసు గుర్తుంచుకోవాలి.

రెండు, వారసుడికే వసీయత్ రాస్తే, చనిపోయాక మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప హనఫీ నియమంలో చెల్లదు. 'అంతా పెద్దోడికే' అని రాసిన కాగితం గద్దెకు పనికొచ్చిందేమో గాని పొలానికి పనికిరాదు.

మూడు, తండ్రి బతికుండగానే కూతురి చేత 'నాకు వాటా వద్దు' అని సంతకం పెట్టించుకోవడం మానాలి. ఇంకా రాని హక్కును వదులుకోవడం సాధారణంగా చెల్లదు. తండ్రి పోయాక కూడా ముందు వాటా ఎంతో లెక్కచెప్పి, ఆమె పేర రాసి, ఆ తర్వాత ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే అది వేరు. బంధువులంతా చుట్టూ కూర్చుని, పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో పెట్టించిన హక్కు విడుదల దస్తావేజు చట్టం దగ్గర నిలిచినా అల్లాహ్ దగ్గర నిలవదు.

నాలుగు, ఇంటి పెద్ద పోయిన వెంటనే తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. అందులో కూతుళ్ల పేర్లు, తల్లి పేరు రాయించాలి. పాసుపుస్తకం మార్పు ఆ తర్వాతే. నలభయ్యో రోజు భోజనాలకు పెట్టే శ్రద్ధలో సగం ఈ లెక్కకు పెట్టినా చాలు.

మొదట్లో చెప్పిన ఆ దరఖాస్తుల దగ్గరికే మళ్లీ వస్తున్నాం. జకాత్ సొమ్ము మీ అందరి అమానతు. దాన్ని బీదవారికి చేర్చడం మా బాధ్యత. కానీ తండ్రి ఇచ్చిన 70 సెంట్లు తన చేతికి రాక, ఒక చెల్లెలు నెలకు వెయ్యి రూపాయల కోసం మా గుమ్మం ముందు నిలబడుతుంటే మేము ఇస్తున్నది జకాతా, లేక ఆమె అన్న ఎగ్గొట్టిన బాకీకి వడ్డీయా అన్న సందేహం మమ్మల్ని వేధిస్తోంది. నిజాం సంతతి కోర్టుల్లో వెతుక్కుంటున్న న్యాయం మన ఇంట్లో ఒక పూట కూర్చుని, కాగితం కలం పట్టుకుంటే తేలిపోతుంది.

గద్దెల కాలం పోయింది. ఫరాయిజ్ కాలం ఎప్పటికీ పోదు. లెక్క తెలియనివారు మా సొసైటీకి రండి. ఆలిములతో, లా తెలిసినవారితో కూర్చోబెట్టి పైసా తీసుకోకుండా లెక్క వేయిస్తాం. ఇవ్వవలసినవారికి ఇచ్చే మనసునూ, అడగవలసినవారికి అడిగే ధైర్యాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.